హక్కుల సంఘాలకు సర్కారు గ్రాంటు: పార్లమెంటు ఎక్కడిదాకా చూడగలదు? (కెనడా కైరోస్ కేసు, మన పద్ధతులు)

#1 గోదారి_గట్టు
మానవ హక్కుల సంఘాలకు ప్రభుత్వం డబ్బివ్వాలా వద్దా అని టీవీలో అరుచుకోవడం చూసి చూసి విసుగొచ్చింది. ఇచ్చినా, ఆపినా పార్లమెంటుకి లెక్క చెప్పాలి కదా. ఆ లెక్క ఎలా అడుగుతారు, ఎవరు చెబుతారు అన్నది ఒక్కడూ మాట్లాడడు. కెనడాలో కైరోస్ అనే చర్చిల సంఘానికి గ్రాంటు ఆపితే, ఒక కాగితం మీద చేత్తో రాసిన "నాట్" అనే మాట వల్ల ప్రభుత్వమే పడిపోయిందని చదివా. నిజమేనా? అలాంటిది ఢిల్లీలో జరిగితే ఏమవుతుంది? ఏ కమిటీ, ఏ రూలు, ఏ కాగితం అని చెప్పగలిగినవాళ్లు చెప్పండి. అభిప్రాయాలకు వేరే దారాలు బోలెడున్నాయి.

#2 టొరంటో_తెలుగు
ప్రభుత్వం పడింది దానివల్ల కాదు. కానీ ఈ గొడవ స్పీకర్ రూలింగ్ దాకా వెళ్లిన నెలలోనే పడింది, అందుకే జనం రెండూ కలిపేస్తారు. జరిగింది వరసగా చెబుతా.

కైరోస్ 2001లో ఏర్పడింది. అప్పట్లో 11 చర్చిలు, మత సంస్థలు కలిసి నడిపిన హక్కుల సంఘం. అంతకుముందు విడివిడిగా ఉన్న చర్చి కూటములను కూడా లెక్కేస్తే, కెనడా అప్పటి విదేశీ సహాయ సంస్థ సీడాతో వాళ్ల సంబంధం అప్పటికే 35 ఏళ్లది. 2009లో కొత్త ప్రతిపాదన పెట్టారు: నాలుగేళ్లకు 70,98,758 డాలర్లు. సీడా అధికారులు పరిశీలించి ఇవ్వొచ్చన్నారు. సెప్టెంబరులో సీడా ప్రెసిడెంట్ మార్గరెట్ బిగ్స్, ఒక వైస్ ప్రెసిడెంట్ సంతకాలతో మెమో మంత్రి బెవ్ ఓడా దగ్గరికి వెళ్లింది. రెండు నెలలు అక్కడే కూర్చుంది. నవంబరు 27 తారీఖుతో మంత్రి సంతకం పడి బయటికొచ్చింది. నవంబరు 30న కైరోస్‌కి ఫోన్ చేసి, మీ ప్రతిపాదన మా ప్రాధాన్యతల్లో ఇమడలేదు అన్నారు. అంతే.

డిసెంబరులో ఇంకో మంత్రి జేసన్ కెన్నీ జెరూసలేంలో మాట్లాడుతూ వేరే కారణం చెప్పాడు. ఇజ్రాయెల్‌ను బహిష్కరించే ప్రచారంలో ఉన్నందుకే కైరోస్‌కి డబ్బు ఆపామన్నాడు. కైరోస్ ఆ ఆరోపణను ఖండించింది. మొత్తానికి ఒకే నిర్ణయానికి ప్రభుత్వం నోటి నుంచే రెండు కారణాలు వచ్చాయి. ప్రతిపక్షం అక్కడ పట్టుకుంది.

#3 జీరో_అవర్
#2కి కొనసాగింపు. తీగ దొరికింది సమాచార హక్కు చట్టంతో. అక్కడ దరఖాస్తు ఫీజు 5 డాలర్లు, గడువు 30 రోజులు, గడువు పొడిగించడం మామూలే. మెమో బయటపడింది. చివరి వాక్యం సారాంశం ఇది: ఈ కార్యక్రమానికి నాలుగేళ్లలో ఇంత మొత్తం ఇవ్వడానికి ఆమోదం తెలుపుతూ మీరు కింద సంతకం చేయగలరు. ఆ వాక్యం మధ్యలో, ఆమోదం అన్న మాటకి ముందు, చేత్తో "నాట్" అని ఇరికించారు. కింద ముగ్గురి సంతకాలు. వాటిలో రెండు ఇవ్వొచ్చన్న అధికారులవి. ఇప్పుడు కాగితం చూస్తే ముగ్గురూ కలిసి వద్దన్నట్టు ఉంది.

2010 డిసెంబరు 9న విదేశాంగ స్టాండింగ్ కమిటీ ఓడాని పిలిచింది. ఆ మాట ఎవరు రాశారని అడిగితే తనకు తెలియదంది. 2011 ఫిబ్రవరి 14న సభలో లేచి, తన ఆదేశం మేరకే రాశారంది. తర్వాత ఇంకో కమిటీలో, తాను ఆ రోజు ఒటావాలో లేనని, సిబ్బంది తన అనుమతితో ఆటోపెన్‌తో (సంతకం పెట్టే యంత్రంతో) సంతకం పెట్టారని వివరణ.

#4 కందిపొడి
ఆటోపెన్‌తో సంతకం, చేతిపెన్‌తో "నాట్". టెక్నాలజీ సగంలో ఆగిపోయింది.

#5 బెజవాడ_బాబాయ్
ఇందులో తప్పేముంది? మంత్రి ప్రజలు ఎన్నుకున్న మనిషి. అధికారులు సిఫార్సు చేసినంత మాత్రాన సంతకం పెట్టి తీరాలా? జనం పన్ను డబ్బు ఎవరికి ఇవ్వాలో ఆమె ఇష్టం.

#6 టొరంటో_తెలుగు
బాబాయ్, ఆ హక్కు లేదని అక్కడ ప్రతిపక్షం కూడా అనలేదు. సభ అడిగింది వేరే ప్రశ్న. సభకు ఇచ్చిన రాతపూర్వక జవాబులో, ప్రతిపాదన మొత్తాన్ని మదింపు చేసి సీడా కాదన్నట్టుగా రాశారు. పార్లమెంటరీ సెక్రటరీ కూడా సభలో అదే అర్థంలో మాట్లాడి, మెమో బయటపడ్డాక క్షమాపణ చెప్పుకున్నాడు. సీడా అవునంది, మంత్రి కాదన్నారు. ఇది నిజం. ఆ ముక్క మొదటి రోజే చెప్పుంటే విమర్శ వచ్చేది, అక్కడితో అయిపోయేది. సభా ధిక్కారం దాకా వెళ్లేది కాదు.

#7 జీరో_అవర్
స్పీకర్ పీటర్ మిలికెన్ రెండు రూలింగులు పక్కపక్కన పెట్టుకుని చదవండి, ఈ రకం పరిశీలన ఎక్కడ బిగుసుకుంటుందో తెలుస్తుంది.

మొదటిది 2011 ఫిబ్రవరి 10. జరిగింది చూసి మామూలు మనిషి ఎవరైనా కలవరపడతాడు అన్న ధోరణిలో ఘాటుగానే మాట్లాడాడు, కానీ ప్రివిలేజ్ (సభ హక్కుల ఉల్లంఘన) కేసు ఒప్పుకోలేదు. కారణం శుద్ధ విధానపరమైనది. మంత్రి తెలియదని చెప్పింది కమిటీలో. కమిటీలో జరిగిన దాని గురించి కమిటీయే రిపోర్టు రాసి సభకు పంపాలి. అది రానిదే స్పీకర్ చెయ్యి పెట్టడు. అది చూసి కమిటీ ఫిబ్రవరి 17న తన రిపోర్టులో మంత్రి మాటలు, మెమో ముందూ వెనకా పెట్టి సభకు పంపింది. మార్చి 9న రెండో రూలింగ్: పైకి చూడగానే కేసు ఉంది. దాంతో సభ దాన్ని సభా వ్యవహారాల కమిటీకి పంపింది.

ఆ కమిటీ విచారణ ముగించి రిపోర్టు ఇచ్చేలోపే సభ రద్దయింది. కాబట్టి ఓడా దోషి అని ఎవరూ తేల్చలేదు. మార్చి 25న ప్రభుత్వం 156–145తో పడింది వేరే ధిక్కారం మీద, నేరచట్టాల బిల్లులూ ఎఫ్-35 విమానాల ఖర్చుల లెక్కలు సభకు ఇవ్వలేదని.

#8 గోదారి_గట్టు
అంటే రెండు ధిక్కారాలూ కాగితం దాచడం, కాగితం మార్చడం గురించే. తర్వాత ఎన్నికల్లో ఏమైంది?

#9 టొరంటో_తెలుగు
మే 2న ఎన్నికలు. పడిపోయిన పార్టీయే 166 సీట్లతో పూర్తి మెజారిటీతో తిరిగొచ్చింది. ఓడా కూడా గెలిచింది, మళ్లీ అదే శాఖ. 2012 జులైలో పదవి వదులుకుంది. అంతకుముందు కొన్ని నెలలుగా ఆమె పేరు పేపర్లలో నలిగింది మాత్రం లండన్ సవాయ్ హోటల్లో 16 డాలర్ల ఆరెంజ్ జ్యూస్ సర్కారు ఖాతాలో తాగినందుకు.

#10 కందిపొడి
70 లక్షల గ్రాంటు అరిగింది, 16 డాలర్ల జ్యూస్ అరగలేదు.

#11 ఓరుగల్లు_వకీల్
నవ్వు సరే, అందులో పాఠం ఉంది. జ్యూస్ బిల్లు మంత్రి ప్రయాణ ఖర్చుల్లో విడిగా కనపడుతుంది కాబట్టి దొరికింది. గ్రాంటు తిరస్కరణ ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనపడదు. ఖర్చు కాని డబ్బుకి లైను ఉండదు. పార్లమెంటు ఆర్థిక పరిశీలన అంతా ఖర్చైన దాని చుట్టూ కట్టిన వ్యవస్థ. ఇవ్వకపోవడాన్ని పరిశీలించాలంటే ప్రశ్నలు, సమాచార హక్కు తప్ప దారి లేదు. కెనడాలో అయినా ఇక్కడైనా.

#12 ఆడిట్_పేరా
#11తో సగమే ఏకీభవిస్తా. ఇచ్చిన గ్రాంటు దగ్గర కూడా చూపు అందని మూలలు బోలెడు. మన పద్ధతి మీద ఎవరూ రాయలేదు కాబట్టి నేను మొదలుపెడతా. పొడుగవుతుంది, టీ తెచ్చుకోండి.

ముందు బడ్జెట్. ప్రతి శాఖ డిమాండ్లలో (సభను అడిగే ఖర్చుల పద్దులో) గ్రాంట్లు మూడు ఆబ్జెక్ట్ హెడ్ల (ఖర్చు రకం చెప్పే కోడ్ల) కింద వస్తాయి: 31 సాధారణ గ్రాంటు, 35 ఆస్తుల కల్పనకు, 36 జీతాలకు. హక్కుల పని చేసే సంస్థలకి వెళ్లేది దాదాపు అంతా 31లో ఉంటుంది. కానీ అక్కడ పథకం పేరు కనపడుతుంది, సంస్థ పేరు కాదు. పథకం మొత్తం పాసైతే అందులో ఎవరికి ఎంత అన్నది శాఖ ఇష్టం.

తర్వాత డిపార్ట్‌మెంటల్ స్టాండింగ్ కమిటీ. మొత్తం 24 ఉన్నాయి, ఒక్కోదానిలో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. బడ్జెట్ సమావేశాల మధ్య విరామంలో డిమాండ్లు చూస్తారు. సామాజిక న్యాయం లోక్‌సభ వైపు కమిటీ, హోం శాఖ రాజ్యసభ వైపు. శాఖ సెక్రటరీ వచ్చి జవాబిస్తారు. మంత్రిని పిలవరు. కాబట్టి గోదారి గారూ, ఓడాని కూర్చోబెట్టి ఎవరు రాశారమ్మా అని అడిగిన సీన్ ఇక్కడ జరగదు. అడిగినా సెక్రటరీని అడగాలి, ఆయన తన పై మనిషి నిర్ణయం గురించి ఎంత చెబుతాడో మీకు తెలుసు.

మూడోది సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్. 1971 కాగ్ చట్టం సెక్షన్ 14 ప్రకారం ఒక సంస్థకి ఏడాదిలో గ్రాంటు 25 లక్షలకు తగ్గకుండా, అదే సమయంలో దాని మొత్తం ఖర్చులో 75 శాతానికి తగ్గకుండా ఉంటే లెక్కలు ఆడిట్ చేయొచ్చు. రెండూ ఉండాలి. గ్రాంటు కోటి దాటితే శాతంతో పని లేదు, కానీ రాష్ట్రపతి లేదా గవర్నర్ ముందస్తు అనుమతి కావాలి. ఒకసారి ఈ గీత దాటిన సంస్థని తర్వాతి రెండేళ్లు కూడా చూడొచ్చు.

ఇప్పుడు మూల ఎక్కడుందో చూడండి. 24 లక్షలు తీసుకున్న సంస్థ బయటే. 60 లక్షలు తీసుకున్నా దాతల డబ్బు ఇంకో 40 లక్షలు ఉంటే 75 శాతం దాటదు, బయటే. ఇలాంటి వాటికి సెక్షన్ 15 ఒక్కటే దారి. దానిలో ఆడిటర్ ప్రధానంగా చూసేది మంజూరు చేసిన అధికారిని: షరతులు నెరవేరాయని మీరెలా తృప్తి పడ్డారు, ఏ కాగితం చూశారు అని.

#13 బెజవాడ_బాబాయ్
అధికారిని అడిగితే యూసీ (డబ్బు వాడినట్టు ధ్రువపత్రం) వచ్చిందండీ అంటాడు. ఆ యూసీ రాసేది ఎవరు? డబ్బు తీసుకున్నవాడే.

#14 ఆడిట్_పేరా
సరిగ్గా అదే. జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో రూల్ 238, ఫారం 12-ఎ. ఆర్థిక సంవత్సరం ముగిశాక 12 నెలల్లో ఇవ్వాలి. యూసీలు తిరగ్గొట్టేది పెద్ద మోసాల వల్ల అనుకుంటారు, చాలాసార్లు చిన్న లెక్కల వల్లే:

బ్యాంకు వడ్డీ చూపించరు. రూల్ 230 ప్రకారం గ్రాంటు మీద వచ్చిన వడ్డీ సంచిత నిధికి, అంటే ఖజానాకి, తిరిగి కట్టాలి. సంస్థ దాన్ని ఖర్చులో కలిపేస్తుంది. ఖాతాలో 3,412 రూపాయల వడ్డీ పడిందనుకోండి, యూసీలో ఆ వరస ఖాళీగా ఉంటే చాలు, రెండో విడత ఆరు నెలలు వెనక్కి.

మిగులు దాచేస్తారు. 10 లక్షల్లో 9.2 ఖర్చయితే 80 వేలు మిగిలిందని రాయకుండా మార్చి 30న పోస్టర్లు, బ్యానర్లు కొన్నట్టు బిల్లు పెడతారు. ఆడిటర్ ముందు చూసేది మార్చి చివరి వారం ఓచర్లే.

మంజూరు ఉత్తర్వులో శిక్షణ శిబిరాలు అని ఉంటుంది. సంస్థ అదే డబ్బుతో నిజనిర్ధారణ బృందాన్ని పంపుతుంది. పని మంచిదే అయినా ఖర్చు పద్దు మారింది. హక్కుల సంఘాలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడ, ఎందుకంటే వాళ్ల పని ముందే ప్లాన్ చేసి జరిగేది కాదు. ఊళ్లో దాడి జరిగితే శిబిరం వదిలి అక్కడికి పరుగెడతారు.

#15 ఓరుగల్లు_వకీల్
చివరి ముక్క చాలా ముఖ్యం. అందుకే మన తెలుగు నేల మీద పౌర హక్కుల ఉద్యమం సర్కారు డబ్బు ముట్టుకోకూడదని పెట్టుకుంది. సభ్యుల చందాలు, బస్సు చార్జీ ఎవరిది వాళ్లు పెట్టుకోవడం. ఎన్‌కౌంటర్ మీద నిజనిర్ధారణకి వెళ్లి, తిరిగొచ్చి హోం శాఖకి యూసీ రాస్తారా?

#16 బెజవాడ_బాబాయ్
మరి నేనన్నదీ అదే కదా. సర్కారుని తిట్టే సంఘానికి సర్కారు డబ్బెందుకు?

#17 టొరంటో_తెలుగు
రెండూ ఒకటి కాదు. తీసుకోకూడదని సంఘం పెట్టుకోవడం దాని నియమం. ఇవ్వకూడదని ప్రభుత్వం పెట్టుకుంటే అది సభలో చెప్పి పెట్టాల్సిన విధానం.

కెనడాలో ఇంకో ఉదాహరణ ఉంది, ఇందులో బాబాయ్ వాదనకీ కొంత బలం దొరుకుతుంది. రైట్స్ అండ్ డెమోక్రసీ అనే సంస్థ. 1988లో పార్లమెంటు చట్టంతో పుట్టింది, మాంట్రియల్‌లో ఆఫీసు, ఏటా సుమారు 1.1 కోట్ల డాలర్లు ప్రభుత్వ డబ్బు. అది బీత్సెలెం, అల్-హక్, అల్ మెజాన్ అనే మూడు ఇజ్రాయెలీ, పాలస్తీనా హక్కుల సంఘాలకు తలా 10,000 డాలర్లిచ్చింది. ప్రభుత్వం కొత్తగా వేసిన బోర్డు సభ్యులు దాని మీద సంస్థ అధ్యక్షుడు రెమీ బోరెగార్‌తో పెద్ద గొడవ. 2010 జనవరిలో ఒక వాడివేడి బోర్డు సమావేశం అయిన రాత్రే ఆయన గుండెపోటుతో పోయాడు. విదేశాంగ కమిటీ నెలల తరబడి సాక్షుల్ని పిలిచింది. డెలాయిట్ అనే ఆడిట్ సంస్థతో లెక్కలు తవ్వించారు, చెప్పుకోదగ్గ అక్రమం ఏదీ బయటపడలేదు. 2012 ఏప్రిల్‌లో సంస్థనే మూసేస్తామని ప్రకటించారు.

ఇక్కడ సంస్థ చట్టంతో పుట్టింది, కమిటీ కూర్చుంది, ఆడిట్ అయింది, అన్నీ ఉన్నాయి. అయినా సంస్థ మిగల్లేదు. ఎందుకంటే బోర్డు నియామకాలు ప్రభుత్వం చేతిలో. 30,000 డాలర్ల గొడవ పరిశీలించడానికి పెట్టిన ఖర్చు, కాలం ఆ మొత్తానికి ఎన్నో రెట్లు.

#18 జీరో_అవర్
2010లో, 2011లో కమిటీలు అంత గట్టిగా కదలడానికి అసలు కారణం ఎవరూ చెప్పలేదు: అప్పుడు అక్కడ మైనారిటీ ప్రభుత్వం. కమిటీల్లో ప్రతిపక్షానిదే మెజారిటీ. రిపోర్టు రాయాలా వద్దా అన్నది ఓట్లతో తేలుతుంది. మెజారిటీ ప్రభుత్వమైతే కైరోస్ మెమో పేపర్లో వచ్చి పేపర్లోనే పోయేది. మిలికెన్ మొదటి రూలింగ్ దగ్గరే కథ ఆగేది, ఎందుకంటే కమిటీ రిపోర్టు పంపేది కాదు.

#19 ఫైల్_నోటింగ్
మెమో మీద "నాట్" గురించి పరిపాలన వైపు నుంచి ఒక్క మాట. మన సచివాలయ పద్ధతిలో ఇది జరగడానికే వీల్లేని డిజైన్ ఉంది. కింది అధికారి నోట్ రాసి సంతకం పెట్టాక దాన్ని పై అధికారి దిద్దకూడదు. ఒప్పుకోకపోతే కింద తన నోట్ విడిగా రాసి, కారణం పెట్టి, సంతకం చేయాలి. ఈ-ఆఫీసులో (కంప్యూటర్ ఫైళ్ల వ్యవస్థలో) పసుపు నోట్, ఆకుపచ్చ నోట్ అని రెండు ఉంటాయి. పసుపు చిత్తు, ఎన్నిసార్లయినా మార్చుకో. ఆకుపచ్చ చేసి పైకి పంపాక ఎవరి వల్లా మారదు.

కెనడాలో ఒకే పేజీలో సిఫార్సు, ఆమోదం రెండూ ఒకే వాక్యంగా పెట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది. కాదనడానికి గడి లేదు. మంత్రి వద్దంటే ఏం చేయాలో ఆ ఫారంలో చోటే లేదు, అందుకే ఎవరో వాక్యంలోకి దూర్చారు.

#20 కందిపొడి
మన దగ్గర వద్దనాలంటే ఇంకా సులువు. "చర్చించండి" అని రాసి ఫైలు కిందికి పంపేస్తే మూడేళ్లు.

#21 ఫైల్_నోటింగ్
నవ్వుతూ చెప్పినా నిజం. తిరస్కరణ రాస్తే కారణం రాయాలి, కారణం రాస్తే సమాచార హక్కులో బయటికొస్తుంది. "చర్చించండి" అంటే ఏ కారణమూ ఉండదు. అందుకే ఎంత మందికి తిరస్కరించారు అని అడిగితే సున్నా అని రావచ్చు. ఎన్ని పెండింగు, ఎంత కాలంగా, ఏ స్థాయిలో అని అడగాలి.

#22 గోదారి_గట్టు
జాతీయ మానవ హక్కుల కమిషన్ సంగతి? అదీ ప్రభుత్వ డబ్బే కదా.

#23 ఓరుగల్లు_వకీల్
అది సంఘం కాదు, చట్టబద్ధ సంస్థ. 1993 చట్టం సెక్షన్ 32 ప్రకారం పార్లమెంటు కేటాయించాకే కేంద్రం గ్రాంటు ఇస్తుంది, 34 కింద కాగ్ ఆడిట్, 20 కింద వార్షిక నివేదిక ఏ చర్య తీసుకున్నారన్న వివరంతో సభ ముందుకు రావాలి. కాగితం మీద గట్టి ఏర్పాటే. కానీ నివేదిక ఆలస్యంగా వస్తే దాని మీద సభలో మాట్లాడేవాళ్లు ఉండరు. డబ్బు కంటే మనుషులు ఎవరన్నది దాని స్వతంత్రతను తేలుస్తుంది. ఇలాంటి కమిషన్లకు హోదా ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు కమిటీ 2023లో, 2024లో రెండుసార్లు దాని హోదా కొనసాగింపుపై నిర్ణయాన్ని వాయిదా వేసింది. విచారణ విభాగంలో పోలీసు అధికారులు ఉండటం చెప్పిన అభ్యంతరాల్లో ఒకటి. రాష్ట్ర కమిషన్లకి సెక్షన్ 33, 35. ఆంధ్ర కమిషన్‌నైనా, తెలంగాణ కమిషన్‌నైనా లెక్క అడగాల్సింది మన అసెంబ్లీలే.

#24 సీమ_సుబ్బి
విదేశీ నిధుల చట్టం గురించి ఎవరూ మాట్లాడరేం? 2020 సవరణలో పరిపాలన ఖర్చు 50 నుంచి 20 శాతానికి దించారు, ఒక సంస్థ ఇంకో సంస్థకి పంచడం నిషేధించారు, అందరి ఖాతా ఢిల్లీలో ఒకే ఎస్‌బీఐ బ్రాంచిలో. హక్కుల సంఘాల ఊపిరి పోయింది అక్కడ.

#25 ఆడిట్_పేరా
సుబ్బి గారూ, అది బయటి దేశాల డబ్బుకి అనుమతి. ఈ దారం మన ఖజానా నుంచి పోయే డబ్బు గురించి. కలిపితే ఇద్దరికీ జవాబు దొరకదు.

#26 ఓరుగల్లు_వకీల్
ఒకటి మాత్రం కలుస్తుంది. "రాజకీయ స్వభావం గల సంస్థ" అని ముద్ర వేసే అధికారం ఎంతదాకా? 2020 మార్చి 6న ఇన్సాఫ్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, బంద్, హర్తాళ్, రాస్తారోకోలాంటివి చేసినంత మాత్రాన ఆ ముద్ర వేయకూడదని, చురుకైన రాజకీయాలతో, పార్టీ రాజకీయాలతో సంబంధం ఉండాలని ఆ నిబంధనను కుదించింది. తీర్పు విదేశీ నిధుల మీదే. అయినా గ్రాంటు కాదన్న కారణాలను ఎవరైనా సవాలు చేస్తే ఈ వాదన పనికొస్తుంది.

సమాచార హక్కు సంగతి కూడా. ప్రభుత్వ డబ్బు గణనీయంగా తీసుకునే సంస్థ నేరుగా ఆర్‌టీఐ కిందికి వస్తుంది. 2019 డీఏవీ కాలేజీ తీర్పులో, గణనీయం అంటే సగం దాటక్కర్లేదని, చౌకగా ఇచ్చిన స్థలం కూడా లెక్కలోకి వస్తుందని చెప్పారు. సెక్షన్ 14లో 75 శాతం గీతకి దొరకని సంస్థ ఇక్కడ దొరకొచ్చు.

#27 గోదారి_గట్టు
బాగుంది. ఇప్పుడు పనికొచ్చేది. మా ఎంపీ గారి ఆఫీసు ప్రశ్న రాసిస్తే వేస్తామంటోంది. ఎలా రాయాలి?

#28 జీరో_అవర్
లోక్‌సభకి కనీసం 15 రోజుల ముందు నోటీసు. ఒక ప్రశ్న 150 పదాలు దాటకూడదు. రోజుకి చుక్క గుర్తువి 20, గుర్తు లేనివి 230, ఏవి వస్తాయో బ్యాలెట్ తేలుస్తుంది. చుక్క గుర్తు కోసం పట్టుబట్టొద్దు. మాటల్లో జవాబు కావాలంటే చుక్క గుర్తు మంచిది, అంకెలు కావాలంటే గుర్తు లేనిదే నయం. రాతలో అనుబంధాలతో వస్తుంది. ఒక సంస్థ పేరు పెట్టొద్దు, వ్యక్తిగత వ్యవహారం అని పక్కన పెట్టే వీలిచ్చినట్టు. పథకం పేరు పెట్టండి.

చిత్తుగా:

(ఎ) గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫలానా పథకం కింద గ్రాంటు కోసం స్వచ్ఛంద సంస్థల నుంచి వచ్చిన దరఖాస్తులు, మంజూరైనవి, తిరస్కరించినవి, పెండింగులో ఉన్నవి రాష్ట్రాల వారీగా, ఏడాది వారీగా ఎన్ని;
(బి) పరిశీలక కమిటీ సిఫార్సు చేసినా మంజూరు కానివి ఎన్ని, ఏ స్థాయిలో ఆగాయి, నమోదైన కారణాలేమిటి;
(సి) ఆరు నెలలు దాటి పెండింగులో ఉన్నవి ఎన్ని;
(డి) గడువు దాటినా యూసీ రాని గ్రాంట్లు ఎన్ని, మొత్తమెంత, వాటిపై తీసుకున్న చర్యలేమిటి?

(బి) కైరోస్ ప్రశ్న. (సి) #21లో ఫైల్ గారు చెప్పింది.

#29 ఫైల్_నోటింగ్
(బి)లో "నమోదైన" అన్న మాట తీయొద్దు. అది లేకపోతే శాఖ జవాబు ఇచ్చేనాటికి కారణం తయారుచేసి ఇస్తుంది. అది ఉంటే ఫైల్లో ఉన్నదే చెప్పాలి, లేకపోతే లేదని చెప్పాలి.

#30 బెజవాడ_బాబాయ్
(డి) నాకు నచ్చింది. డబ్బు తింటున్నవాళ్ల పేర్లు బయటికొస్తాయి.

#31 ఆడిట్_పేరా
(డి)లో ఇంకో మాట చేర్చండి: "ఎంత కాలంగా". ఏడాది బాకీ మామూలు అలసత్వం. అయిదేళ్ల బాకీ ఉండగా అదే సంస్థకి కొత్త గ్రాంటు ఇచ్చారా అన్నది అసలు ప్రశ్న, ఆ తప్పు మంజూరు చేసినవాడిది.

#32 సీమ_సుబ్బి
"సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం" అని రాసిపడేస్తే?

#33 జీరో_అవర్
అది మీకు వరం. ఆ వాక్యం రాగానే హామీగా లెక్క. ప్రభుత్వ హామీల కమిటీ దాన్ని నమోదు చేస్తుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే శాఖ గడువు పొడిగింపు అడుక్కోవాలి. జవాబు తారీఖు, ప్రశ్న నంబరు రాసి పెట్టుకుని మూడు నెలలయ్యాక ఎంపీ ఆఫీసుతో కమిటీ సచివాలయానికి ఒక లేఖ పెట్టించండి. ఆలోగా ఆర్‌టీఐ కూడా వేసి ఉంచండి, 10 రూపాయలు, 30 రోజులు. రెండు జవాబుల్లో అంకెలు తేడా వస్తే ఆ తేడా మీదే మళ్లీ ప్రశ్న.

#34 గోదారి_గట్టు
ఆర్‌టీఐలో ఏం అడగాలి? ఇదే ప్రశ్నా?

#35 ఓరుగల్లు_వకీల్
కాదు. ఎన్ని, ఎందుకు అని అడిగితే "ఆ రూపంలో సమాచారం లేదు" అని వస్తుంది. కాగితాలు అడగండి: పరిశీలక కమిటీ సమావేశాల మినిట్స్, మంజూరు ఉత్తర్వుల ప్రతులు, తిరస్కరించిన ఫైళ్ల నోట్ షీట్లు. ఆ మూడూ పక్కపక్కన పెడితే మినిట్స్‌లో ఉండి మంజూరులో లేని పేర్లు మీకే కనపడతాయి.

#36 గోదారి_గట్టు
సరే. ప్రశ్నలో "ఫలానా పథకం" దగ్గర ఏది పెట్టమంటారు? స్త్రీ శిశు సంక్షేమంలో మిషన్ శక్తి పెడదామా?

#37 ఆడిట్_పేరా
అది చాలా పెద్దది, రాష్ట్రాల ద్వారా పోతుంది. "వివరాలు రాష్ట్ర ప్రభుత్వాల వద్ద ఉంటాయి" అని ఒక్క లైనులో తేల్చేస్తారు. శాఖ నేరుగా స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చే పథకమే పట్టుకోండి. సామాజిక న్యాయ శాఖలో ఎస్సీల కోసం పనిచేసే సంస్థలకు గ్రాంటిచ్చే పథకం చూడండి, ఇప్పుడు ఏ పేరుతో నడుస్తోందో సరిచూసుకోండి. ఆ శాఖకి ఏ రోజు కేటాయించారో ముందు సమావేశాల క్యాలెండర్‌లో చూసుకుని, అక్కడ నుంచి 15 రోజులు వెనక్కి లెక్కపెట్టండి.